మఠపు కొట్టు – నేతగాండ్ర యిండ్లు

ఇంగ్లండు దేశమునందలి గ్లాస్టర్‌షైరులో కోల్న్ అను చిన్న నది యొడ్డున బిబురి యను గ్రామము కలదు. ఆ గ్రామమున ఆర్లింగ్టన్ రో అను పాత యిండ్ల వరుసను చూచుటకు దేశదేశముల నుండి జనులు వచ్చుచున్నారు. తేనెరంగు సున్నపురాతి గోడలు, రాతిపలకలు కప్పిన యేటవాలు పైకప్పులు, ఒకదానిప్రక్క నొకటి యొదిగి నిలిచిన చిన్న వాకిండ్లు. పటములో చూచినవారు ఇవి బీదల కుటీరములని తలంతురు. అది నిజమే గాని, మొదట ఇవి ఇండ్లే కావు. 14వ శతాబ్దపు చివర మఠవాసుల ఉన్నిని నిలువచేయుటకై ఒకే పొడుగాటి కొట్టుగా దీనిని కట్టిరని చెప్పుదురు. 17వ శతాబ్దమున దానిని అడ్డుగోడలతో విభజించి నేతగాండ్రకు కాపురపుటిండ్లుగా మార్చిరి.

ఇట్టి కట్టడముల విషయమున రెండు పక్షములు కలవు. తరువాతివారు చేర్చినదంతయు తీసివేసి మొదటి రూపమును బయల్పరచవలెనని యొక పక్షము. కాలము చేర్చినదానిని గూడ కట్టడపు చరిత్రగానే యెంచి, చెడినచోట మాత్రము బాగుచేయవలెనని రెండవ పక్షము. మేము రెండవ పక్షమువారము.

మధ్యయుగములలో ఆంగ్లేయుల ఐశ్వర్యమంతయు గొఱ్ఱెల వీపులమీద నుండెననిన అతిశయోక్తి కాదు. వారి ప్రభువుల సభాధ్యక్షుడు నేటికిని ఉన్ని కూరిన యాసనముమీదనే కూర్చుండును. బిబురి దేవాలయము ఆక్స్‌ఫర్డు చెంతనున్న ఓస్నీ మఠమునకు చెందియుండెను. 1129లో స్థాపింపబడిన యా మఠము అగస్టీనుని నియమమును పాటించు సన్యాసులది. మఠజీవనమును గూర్చి మన సంఘములలో భిన్నాభిప్రాయములు లేకపోలేదు. అయినను ఆ సన్యాసులు ప్రార్థనతోపాటు సేద్యమును, పశుపోషణమును శ్రద్ధతో నడిపిరనుట యెల్లరు నొప్పుకొనవలసినదే.

ఎనిమిదవ హెన్రీ మఠములను రద్దుచేసిన సంగతి మన విద్యార్థులు వినియేయుందురు. ఓస్నీ మఠము 1539లో మూతబడెను. పిమ్మట కొలది సంవత్సరములు దాని మందిరము క్రొత్త ఆక్స్‌ఫర్డు అధ్యక్షమండలమునకు ప్రధానాలయముగా నుండి, ఆ గౌరవమును గోలుపోయి శిథిలమాయెను. నేడచట మిగిలినది మిక్కిలి స్వల్పము. దాని పెద్దగంట మాత్రము క్రైస్ట్ చర్చి కళాశాలకు చేరి, 1680లో కరగించి మరల పోతపోయబడి, ఇప్పటికిని ప్రతి రాత్రి 9 గంటల 5 నిమిషములకు 101 మారులు మ్రోగుచున్నది. గంటయు కొట్టును మారుటచేతనే మిగిలినవి. మారుటకు వీలులేని మహామందిరమో, నేలమట్టమైనది.

ఇందు వింత యేమియు లేదు. ఉన్నికొట్టులో కుటుంబములు చేరినవి. కాపురమున్నవాడు జారిన పలకను మరల నెక్కించును, కారుచున్న చోటును మూయును. పొయ్యి రాజుచున్నంతకాలము గోడలకు చెమ్మ పట్టదు. ఆ వరుసపై లేచిన పొగగొట్టములను చూడుడు. ఉన్నికి నిప్పుతో పనిలేదు సరిగదా, నిప్పే శత్రువు. కావున పొగగొట్టమనగా కాపురమునకు గుర్తు. కప్పులోనుండి ముందుకు పొడుచుకొని వచ్చిన కిటికీలు మేడగదికి వెలుగునిచ్చుటకు పెట్టినవి. పురాతత్త్వమనగా నేలను త్రవ్వుట యొక్కటే కాదు. దూలమునకు తొలిచిన తొఱ్ఱ యేల ఖాళీగానున్నది, ఈ గోడ ఆ గోడను కరచుకొనక యూరక ఆనుకొని యేల నిలిచినదని ప్రశ్నించుటయు పురాతత్త్వమే. మ్రాను వలయముల వెడల్పులను సరిపోల్చి, బెరడు అంచు మిగిలియున్నచో, చెట్టును నరికిన సంవత్సరమునే చెప్పగలరు. మొదటి పక్షమువారి మాట విని ఆ పొగగొట్టములను, అడ్డుగోడలను పెరికివేసినచో మిగులునది ఖాళీ కొట్టు. మూడువందల యేండ్ల శ్రమజీవుల సాక్ష్యము పోవును. సన్యాసి పవిత్రుడు, నేతగాడు అల్పుడు అను భేదము రాళ్లకు లేదు, మనమేల పెట్టవలెను?

ఆ నేతగాండ్రు నేసిన బట్టను ఆర్లింగ్టన్ మరలో నీటిశక్తిచే దంచి, ఎదుటనున్న ర్యాక్ ఐల్ అను పచ్చికబయట కొయ్యచట్రములపై ఆరవేయుచుండిరి. వీరి కథ మనకు బొత్తిగా పరాయిది కాదు. మచిలీపట్టణము మొదలగు రేవులనుండి పోయిన అద్దకపు నూలుబట్టలను ఆంగ్లేయులు మోజుతో ధరింపగా, అచ్చటి ఉన్ని, పట్టు నేతగాండ్రు మొరపెట్టిరి. 1701లోను 1722లోను అట్టి బట్టలను నిషేధించు చట్టములు అమలులోనికి వచ్చెను. మన అద్దకమువారును ఆ దేశపు సాలెవారును ఒకరినొకరు చూడకయే ఒకరి కూటికి ఒకరు పోటీపడిరి.

బిబురిని మెచ్చుకొన్న విలియం మారిస్ 1877లో పురాతన కట్టడముల రక్షణసంఘమును స్థాపించెను. పునరుద్ధరణమను పేర ఊహారూపమును కట్టవలదనుట యా సంఘపు ముఖ్యోపదేశము. దీనికి నెదురుగా మోటారుకార్ల హెన్రీ ఫోర్డును చూడుడు. బిబురికి సమీపముననున్న చెడ్‌వర్తులోని యొక పాత కుటీరమును ఆయన కొని, రాయి రాయిగా విప్పించి, 1930లో అమెరికాలోని డియర్‌బార్నునకు తరలించెను. అది చక్కగనే నిలిచియున్నది. ఆయనకు పాతదానిపై ప్రేమ లేదనము. కాని పొరుగు, నది, పొలము లేని యిల్లు ఏ ప్రశ్నకు సమాధానము చెప్పును? ఆర్లింగ్టన్ రోను 1929లో రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ కొని బాగుచేయించెను. 1949 నుండి అది నేషనల్ ట్రస్టువారి యధీనమున నున్నది. వారు దానిని ప్రదర్శనశాలగా మార్చక అద్దెకిచ్చి కాపురములను నిలుపుట మాకు మిక్కిలి నచ్చిన సంగతి.

బాగుచేయుటలో గూడ ఒక వివేకము కలదు. సున్నముతో కట్టిన పాతగోడ లోని చెమ్మను మెల్లగా బయటికి విడుచుచుండును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే చిక్కి, రాయి పొట్టులెత్తును. మన ప్రాంతములలోని పాత మిషను బంగళాలలో పెక్కులు గానుగసున్నముతో కట్టినవే. వానికి మెరుగుకొరకు సిమెంటు పూత వేయించు పెద్దలు, మేస్త్రీని పిలుచుటకు ముందు పాత పూతను ఒకచోట గోటితో గీరి, క్రింద నేమున్నదో చూడవలెనని కోరుచున్నాము.