ఠాణా రిజిస్టరు

అలియాబాద్ నుండి సికింద్రాబాద్ పోవు దారిలో కంటోన్మెంటు గలదని మన విద్యార్థులకు తెలియును. ఇటువంటి సైనిక స్థావరముల కొరకే బ్రిటీషు ప్రభుత్వము 1864లో ఒక చట్టము చేసి, వేశ్యల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వారిని నిర్బంధముగా వైద్యపరీక్షకు పంపినది. రోగము ఇద్దరిది, రిజిస్టరు ఒకరికే! అంతకు ఎన్నో శతాబ్దముల ముందే కౌటిల్యుడు గణికలపై ఒక అధ్యక్షుని నియమించి, వారి రాబడి లెక్క వ్రాయించి, గూఢచర్యమునకు సైతము వారిని వినియోగించుకొనవచ్చునన్నాడు. పాలకులకు ఈ స్త్రీ అవసరమే. ఆమె గౌరవము మాత్రము అక్కరలేదు.

ఆ ముద్ర ఎంత క్రూరమైన ఆయుధమో మన నగరము 1978లో చూచినది. అత్యవసర పరిస్థితి తొలగి ఏడాది గడిచిన పిమ్మట, మార్చి నెలాఖరున, నల్లకుంట ఠాణాలో ఒక పేద ముస్లిం యువతిపై పోలీసులు అత్యాచారము చేసిరనియు, రిక్షా కార్మికుడైన ఆమె భర్తను కొట్టి చంపిరనియు జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చినది. (ఆమె పేరు ఊరంతటికీ తెలిసినదే, మేము వ్రాయము.) కమిషన్ ఎదుట పోలీసుల వాదన ఏమి? ఆమె వ్యభిచారిణి యని! కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయినది. 1981లో నిందితులైన పోలీసులు నిర్దోషులుగా విడుదలైరి.

ఇటువంటి నిందకు మనము వెంటనే ఇచ్చు జవాబు "ఆమె అటువంటిది కాదు" అనియే. ఇజ్జత్ కాపాడుటకు పలికిన మాటయే కావచ్చును. కాని ఆ మాటతో పోలీసుల త్రాసునే మనము అంగీకరించినట్లగును. ఒకవేళ అటువంటిదే అయినచో? ఠాణాలో ఆమెను చెరచుటకు ఎవరికైన హక్కు కలుగునా?

1990లో సుప్రీంకోర్టు మహారాష్ట్రకు చెందిన ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు కేసులో, శీలము సరికాదని లోకమనుకొను స్త్రీకి సైతము తన ఏకాంతముపై హక్కు గలదని చెప్పినది. అత్యాచార బాధితురాలి నడవడిని కోర్టులో తవ్వి తీయనిచ్చు నిబంధన 2002 సవరణతో గాని తొలగలేదు. ఈ వృత్తిలోని వారిని గౌరవముతో చూడవలెనని 2022లో అదే న్యాయస్థానము పోలీసులను ఆదేశించినది.

అయినను 1956లో చేసి 1986లో పేరు మార్చిన అనైతిక వ్యాపార నిరోధక చట్టములో 20వ సెక్షను నేటికిని ఉన్నది. ఫలానా వ్యక్తి వేశ్య అని సమాచారము అందినచో మేజిస్ట్రేటు నోటీసు ఇచ్చి, విచారించి, ఆ ప్రాంతము విడిచి పొమ్మనవచ్చును. ఆ సమాచారము ఎవరిత్తురు? వేగులు, గిట్టని పొరుగువారు, మామూలు ముట్టని కానిస్టేబులు.

కళాశాల కమిటీ వారిని మేము కోరునది ఒకటి గలదు. ఈ ఏటి ఉర్దూ, తెలుగు వక్తృత్వ పోటీలలో ఎప్పటి వరకట్నమునకు బదులు ఈ 20వ సెక్షనును విషయముగా ఇవ్వుడు. విద్యార్థినులను కూడ మాట్లాడనిండు.