డబ్బా వేరు, బొమ్మ వేరు!

సుల్తాన్‌పూర్ నుంచి ఓ తమ్ముడు ఉత్తరం రాశాడు. అక్కడి వైద్య పరికరాల పార్కులో షిఫ్టు డ్యూటీ. 2004లో జరిగిన అక్క పెళ్ళి వీసీడీలు మూడున్నాయట. ఆ పందిట్లో తిరిగిన నాన్నగారు ఇప్పుడు లేరు. "డాట్ ఫైళ్ళు కంప్యూటర్‌లోకి ఎక్కించాను, ఫోనులో ఆడటం లేదు. ఒక్కొక్కటీ మారుస్తూ కూర్చునే తీరిక లేదు, ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు.

తమ్ముడూ, వెనకటి రోజుల్లో హాలుకి సినిమా రేకు డబ్బాల్లో వచ్చేది. డబ్బా మారిస్తే బొమ్మ మారదు గదా! వీడియో ఫైలూ అంతే. ఎంపీ4, ఎంకేవీ అన్నవి డబ్బాలు. లోపలి బొమ్మను కుదించిన పద్ధతి వేరు. 2000లో ఫాబ్రిస్ బెల్లార్ అనే ఫ్రెంచి ఆయన మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అన్న ఉచిత ప్రోగ్రాము ఈ రెండు పనులూ చేస్తుంది. ఫోల్డరులోని ప్రతి ఫైలునూ దానికి అందించే నాలుగు వరుసల స్క్రిప్టు రాసుకున్నావంటే, నువ్వు నైట్ డ్యూటీ చేసి వచ్చేసరికి పని పూర్తి!

ఎంకేవీలో హెచ్.264 బొమ్మ ఉంటే "కాపీ" అంటే చాలు. డబ్బా ఒక్కటే మారుతుంది, బొమ్మ రవంత కూడా చెడదు. నీ వీసీడీలో ఉన్నది ఎంపెగ్-1, దాన్ని హెచ్.264లోకి తిరిగి కుదించాల్సిందే. సీఆర్‌ఎఫ్ 18 పెట్టు. ఆ అంకె తగ్గేకొద్దీ నాణ్యం పెరుగుతుంది, ఫైలూ లావెక్కుతుంది. అన్నట్టు, వీసీడీ బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు. 1080కి సాగదీసినంత మాత్రాన నాన్నగారి ముఖం కొత్తగా స్పష్టం కాదు. (1957 నాటి 'మాయాబజార్'కు 2010లో రంగులు వచ్చాయంటే, నెలల తరబడి మనుషులు కూర్చుని చేసిన పని అది!)

ఇంకో సంగతి, నేను మొట్టికాయ తిని నేర్చుకున్నది. నా స్క్రిప్టు చివర "పాత ఫైలు తుడిచెయ్" అని తెలివిగా ఓ వరుస చేర్చాను. అర్ధరాత్రి హార్డ్ డిస్కు నిండి మార్పిడి సగంలో ఆగింది, తుడిచే వరుస మాత్రం ఆగలేదు! పొద్దున చూస్తే బాబాయి షష్టిపూర్తి కొత్త ఫైలు తెరుచుకోదు, పాతది లేదు. పిన్ని ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

కనక తుడిచే వరుస రాయనే వద్దు. కొత్తవి వేరే ఫోల్డరులో పెట్టు. ముందు ఒక్క ఫైలు మార్చి మొదలూ, మధ్యా, చివరా చూడు. మాటా పెదవులూ కలుస్తున్నాయో లేదో గమనించు. గీతలు పడ్డా సరే, సీడీలు పారేయకు. అప్పగింతల దగ్గర నాన్నగారి గొంతు సరిగ్గా వినిపించిందో లేదో మళ్ళీ రాయి.