కట్ట ఒకరిది, పట్టాలు ఒకరివి



రైలు ప్రమాదం జరిగినప్పుడల్లా చర్చంతా డ్రైవరు, సిగ్నలు, రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ల చుట్టూ తిరుగుతుంది. మా వైపు అసలు గండం పట్టాల మీద ఉండదు, వాటికి ఎగువన ఉంటుంది. 2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ వలిగొండ దగ్గర పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. ఎగువన చెరువు తెగింది. ఆ వరదకు పట్టాల కింది చిన్న వంతెన కొట్టుకుపోయింది. చీకట్లో రైలు నేరుగా దాని మీదికే వచ్చింది.

ఈ ముప్పు రైల్వేకు తెలియనిది కాదు. తెగితే పట్టాలను ముంచే చెరువులకు వాళ్ల దగ్గర విడిగా ఒక జాబితా ఉంటుంది. వానాకాలానికి ముందు రైల్వే ఇంజినీర్లు, రాష్ట్ర నీటిపారుదల ఇంజినీర్లు కలిసి వాటిని చూడాలి. చూశారా, చూస్తే ఏం రాసుకున్నారు, రాసుకున్నది బాగుచేసిందెవరు? ఆ కట్ట కింద బతికే మాకు ఎవరూ చెప్పరు. పట్టాలు కేంద్రానివి, చెరువు రాష్ట్రానిది, అలుగు దగ్గర జరిగేది ఊరివాళ్ల వ్యవహారం.

అలుగు దగ్గర ఏం జరుగుతుందో పల్లెల్లో అందరికీ తెలుసు. చెరువు నిండే వేళకు దాని మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. జానెడు నీళ్లు ఎక్కువ నిలిస్తే ఇంకో నాలుగెకరాలు పారుతుందని రైతు ఆశ. చేపలు పోకుండా అడ్డంగా వలలు కడతారు. వాటికి గుర్రపుడెక్క, చెత్త చుట్టుకుని నీరు వెనక్కి ఎగదన్నుతుంది. కట్ట నిండా సర్కారు తుమ్మ, ఆ వేళ్ల సందుల్లో ఎలుక బొరియలు. దిగువన రైల్వే కల్వర్టు ఖానాలు సగం దాకా పూడిపోయి ఉంటాయి. వంతెన గోడ మీద ప్రమాద మట్టం చూపే ఎర్ర పట్టీ మాత్రం తాజాగా రంగు వేసి కనబడుతుంది. రైతును నేను తప్పుపట్టను, నీళ్ల విలువ తెలిసినవాడు. బస్తాలు తీయించాల్సిన అధికారి ఎవరో తేలకపోవడమే నా ఫిర్యాదు.

వంతెన కూలి రైలు పడిపోవడం మనకు కొత్త కాదు. 1956లో జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య అలాగే వందమందికి పైగా పోతే రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో అరియలూరు ప్రమాదం తర్వాత మళ్లీ ఇస్తే ఆమోదించారు. ఆ రాజీనామాను ఇప్పటికీ ఆదర్శంగా చెప్పుకుంటాం. నన్నడిగితే, మంత్రి దిగిపోతే కల్వర్టు వెడల్పు కాదు.

నడిపేవాడే తనిఖీదారు కాకూడదన్న ఆలోచనతో 1941లోనే రైల్వే తనిఖీ విభాగాన్ని రైల్వే బోర్డు నుంచి విడదీశారు. ఇప్పుడది రైల్వే సేఫ్టీ కమిషన్ పేరుతో పౌర విమానయాన శాఖ కింద ఉంది. మన ప్రాంతపు కమిషనర్ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే. ఏర్పాటు మంచిదే. కానీ ప్రమాదం మీద విచారణ జరిపి కమిషనర్ ఇచ్చేవి సిఫార్సులు. ఒప్పుకోవాలా వద్దా అన్నది తిరిగి రైల్వే బోర్డు చేతిలోనే. చట్టబద్ధమైన స్వతంత్ర భద్రతా సంస్థ కావాలని 2012లో రైల్వే భద్రతపై వేసిన కాకోద్కర్ కమిటీ చెప్పింది. ఇన్నేళ్లయినా అది ఏర్పడలేదు.

రైల్వే సొంత తనిఖీల సంగతి చూస్తే, 2022 చివర్లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక పట్టాలను కొలిచే ట్రాక్ రికార్డింగ్ కార్ల తనిఖీల్లో 30 నుంచి 100 శాతం వరకు లోటు ఉందని తేల్చింది. 100 శాతం లోటంటే అసలు వెళ్లలేదనే కదా! మన కళ్లెదుటి పట్టాలకే ఈ గతి పడితే, రెండు శాఖల మధ్య నలిగే చెరువు కట్టను చూసేదెవరు?

2024 సెప్టెంబర్ 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరదకు కంకర కొట్టుకుపోయి పట్టాలు వేలాడాయి. రైళ్లను ముందే ఆపడంతో ప్రయాణికులు బతికిపోయారు. వానలో లాంతరు పట్టుకుని పట్టాల వెంట నడిచే గస్తీ మనిషికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. అయితే ఎగువ కట్ట పరిస్థితి అతని చేతిలో లేదు.

కాబట్టి నేనడిగేవి రెండే. ఉమ్మడి తనిఖీలో చూసిన ప్రతి చెరువు పేరు, తేదీ, కనిపించిన లోపం, దాన్ని సరిచేయాల్సిన అధికారి హోదా, గడువు తెలుగులో రాసి మే నెలాఖరుకల్లా గ్రామ పంచాయతీలో అంటించాలి. కమిషనర్ సిఫార్సుల్లో ఏవి అమలయ్యాయో, ఏవి తోసిపుచ్చారో, ఎందుకో కూడా అలాగే బయటపెట్టాలి. జనం భయపడతారని అధికారులు అనవచ్చు. వలిగొండ చూసినవాళ్లం, మాకు కొత్తగా పుట్టే భయమేమీ లేదు. పైగా అలుగు మీద బస్తాలు పడినరోజు సెక్షన్ ఇంజినీరు కంటే ముందు చూసేది మేమే. ఎవరికి ఫోన్ చేయాలో ఆ కాగితం మీద నంబరు ఉంటే చాలు.

– ఒక పాఠకుడు, యాదాద్రి భువనగిరి జిల్లా