డిటాక్స్, ఇమ్యూనిటీ, గ్యాస్: ఈ మాటలు పోతే బాగుండును

మా వీధి చివరి పార్కుకు ఉదయం నడకకు వచ్చే మిత్రుడొకరు ఈ మధ్య వారం రోజులు కనబడలేదు. ఎనిమిదో నాడు వచ్చి, "డాక్టరుగారూ, డిటాక్స్ చేశాను. ఒళ్ళంతా తేలికయింది" అన్నారు. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. ఇరవై ఏళ్ళుగా మధుమేహం, దానికి తోడు రక్తపోటు. మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నాయని క్రియాటినిన్ పరీక్ష రెండేళ్ళుగా చెబుతూనే ఉంది. ఆ ఏడు రోజులూ ఆయన తీసుకున్నవి పాలకూర రసం, కొబ్బరినీళ్ళు, నిమ్మరసం. మానినవి అన్నం, మాత్రలు. మాత్రలు ఎందుకు మానారని అడిగితే, "విషాలు బయటికి పోయేటప్పుడు లోపలికి కెమికల్స్ పంపకూడదట" అన్నారు. ఏ విషాలని అడిగాను. కాసేపు ఆలోచించి, "అవేనండీ, టాక్సిన్లు" అన్నారు.

నాకు కోపం వచ్చిన మాట వాస్తవం. ఆయన మీద కాదు, ఆ మాట మీద. ఆ రోజే పరీక్ష చేయించాను. రక్తంలో పొటాషియం 6 దాటింది. పాలకూరలోనూ కొబ్బరినీళ్ళలోనూ పొటాషియం ఎక్కువ. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు దానిని సునాయాసంగా బయటికి పంపగలవు. దెబ్బతిన్న మూత్రపిండాలు పంపలేవు. అది ఇంకా పెరిగితే గుండె లయ తప్పి, ముందస్తు హెచ్చరిక లేకుండానే ఆగిపోవచ్చు. విషం లేని ఒంటిలో విషం తీయబోయి, నిజంగానే ఒకటి పోగుచేసుకున్నారన్నమాట.

విషం తీయడమంటే ఏమిటో నా ఉద్యోగ జీవితంలో చాలా రాత్రులు చూశాను. పత్తి పండే ప్రాంతపు ప్రభుత్వాసుపత్రులలో పనిచేసిన ఏ వైద్యుడిని అడిగినా చెబుతాడు. పురుగుల మందు కొడుతూ పొలంలో పడిపోయినవారిని, బతుకు విసిగి ఆ మందే తాగినవారిని ఎడ్లబండ్ల మీద, తరువాతి కాలంలో ఆటోలలో తెచ్చేవారు. కనుపాపలు సూదిమొనంత అయ్యేవి, నోటి వెంట నురగ, ఒళ్ళంతా చెమట, ఊపిరితిత్తుల నిండా స్రావాలు. బట్టలు తీసి ఒళ్ళు కడగాలి, అవసరమైతే కడుపు కడగాలి. ఆపైన అట్రోపిన్. ఒకటి రెండు ఇంజక్షన్లతో తీరేది కాదు. ఛాతీలో గరగర తగ్గేవరకు, నాడి వేగం పుంజుకునేవరకు ఇస్తూ పోవాలి. ఇచ్చిన ప్రతిసారీ స్టెతస్కోపు పెట్టి వినాలి. ఖాళీ ఆంపూళ్ళు ట్రేలో గుట్ట అయ్యేవి. వార్డు బయట అరుగు మీద ఆ ఇంటివాళ్ళు తెల్లవారేదాకా కూర్చునేవారు. మద్యానికి బానిసైన మనిషిని క్రమంగా దాని నుండి తప్పించేటప్పుడు ఇచ్చే చికిత్సకు, సీసం వంటి లోహాలు ఒంట్లో చేరినవారికి ఇచ్చే చికిత్సకు కూడ డిటాక్స్ అనే పేరు తగును. వీటన్నింటిలోనూ విషానికి ఒక పేరుంటుంది, మోతాదు ఉంటుంది, విరుగుడు ఉంటుంది. సీసాలో పోసి అమ్మే ఆకుపచ్చ రసానికి ఆ పేరు పెట్టడం నాకు ఆ అరుగు మీద కూర్చున్నవారిని అవమానించినట్లుగా తోస్తుంది. ఇది నా పక్షపాతమే కావచ్చు, ఒప్పుకుంటాను.

పేరులేని రోజువారీ మలినాల సంగతి మన శరీరం చూసుకుంటూనే ఉంది. దాదాపు కిలోన్నర బరువుండే కాలేయం, మాంసకృత్తుల నుండి పుట్టే అమ్మోనియాను యూరియాగా మారుస్తుంది. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, పనికివచ్చేదంతా తిరిగి రక్తానికి అప్పగించి, ఒకటి రెండు లీటర్లు మాత్రమే బయటికి వదులుతాయి. ఏకాదశి ఉపవాసం ఉండేవారితో నాకు తగవు లేదు. వారెవరూ తమ ఉపవాసాన్ని చికిత్స అనలేదు, దానికి రసీదు ఇవ్వలేదు.

ఇక 'ఇమ్యూనిటీ బూస్టర్'. ఇమ్యూనిస్ అనే లాటిన్ మాటకు ప్రాచీన రోమ్‌లో పన్నుల నుండి, రాజ్యం విధించే బాధ్యతల నుండి మినహాయింపు పొందినవాడని అర్థం. వైద్యం దానిని అరువు తెచ్చుకుంది. మనం దానిని 'రోగ నిరోధక శక్తి' అని అనువదించుకున్నాము. చిక్కంతా ఆ చివరి 'శక్తి'తో వచ్చిందని నా అనుమానం. శక్తి అనగానే అది పెట్రోలు లాంటిదని, తగ్గితే నింపుకోవచ్చునని, ఎంత నింపితే అంత మంచిదని మనసుకు తోస్తుంది. నిజానికి అది ఒక కాపలా వ్యవస్థ. దొంగను పట్టుకోవాలి, ఇంటివాడిని వదిలిపెట్టాలి. ఆ కాపలా మితిమీరి సొంత కీళ్ళ మీద పడితే రుమటాయిడ్ కీళ్ళవాతం; చర్మం, మూత్రపిండాల వంటి అనేక అవయవాల మీద పడితే లూపస్; పుప్పొడిని శత్రువనుకుంటే తుమ్ములు, ఆయాసం. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు ఆ కాపలాను అణచిపెట్టే మాత్రలు వేసుకుంటూనే ఉండాలి. వారి చేతికి ఎవరైనా బూస్టర్ పొడి ఇస్తే ఏమనాలి?

2020లో జరిగిన విచిత్రం చూడండి. కోవిడ్ భయంతో ఇంటింటా ఇమ్యూనిటీ కషాయాలు మరుగుతున్న రోజులవి. అదే సంవత్సరం జూన్‌లో, బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పెద్ద పరీక్షలో, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల మరణాలను డెక్సామెథసోన్ తగ్గిస్తుందని తేలింది. అది చవకైన, పాత స్టెరాయిడ్. అది చేసే పని రోగ నిరోధక వ్యవస్థ ఉధృతిని తగ్గించడం. బజారు పెంచమన్నదానిని ఆసుపత్రి అదుపు చేసి మనుషులను బతికించింది. ఆ మరుసటి ఏడు, తిప్పతీగ కషాయం వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు ముంబై వైద్యులు నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించింది. ఆ వాదంలోకి నేను పోను. కాని ఎంత తాగాలి, ఎన్నాళ్ళు తాగాలి, ఎవరు తాగకూడదు అన్న మూడు ప్రశ్నలూ 'బూస్టర్' అన్న మాట వినగానే జనం అడగడం మానేశారన్నది నేను కళ్ళారా చూశాను. అసలైన బూస్టర్ ఒకటి ఉంది: ఒకటిన్నరేళ్ళ వయసులో, మళ్ళీ అయిదేళ్ళు నిండాక పిల్లలకు వేసే డీపీటీ సూది. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు. దానికి ప్రకటనలు ఉండవు.

'నేచురల్, కెమికల్స్ లేనిది' అన్న మాట గురించి ఎక్కువ రాయను. పచ్చగన్నేరు గింజ నేచురల్, ఉమ్మెత్తకాయ నేచురల్. రెండింటికీ కాజువాల్టీలో వైద్యం చేశాను. పైన చెప్పిన అట్రోపిన్ కూడ మొదట మొక్కలలోంచి తీసినదే. 'బలానికి సెలైన్' అన్నది మరొకటి. అరలీటరు అయిదు శాతం డెక్స్ట్రోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు 100 కేలరీలు. రెండు ఇడ్లీలు అంతకంటె మేలు, నరం వెతుక్కోనక్కరలేదు.

ఇంతవరకు బజారును తిట్టాను. ఇప్పుడు మా వంతు. అన్ని మాటలకంటె ప్రమాదకరమైనది మా వైద్యుల నోటి మీదుగానే జనంలోకి వెళ్ళింది. అది 'గ్యాస్'.

తెలుగువారికి గ్యాస్ తలకెక్కుతుంది, నడుముకు పడుతుంది, భుజంలోకి దూరుతుంది, గుండెకు తన్నుతుంది. పేగుల్లోని వాయువుకు పైనుండి బయటికి, కిందినుండి బయటికి తప్ప వేరే దారి లేదు. మేము రాసే ప్రతి చీటీలో మొదటి మాత్ర 'గ్యాస్ బిళ్ళ'. పరగడుపున వేసుకోమంటాము. ఆ పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ మాత్రలు తగ్గించేది కడుపులోని ఆమ్లాన్ని, గ్యాస్‌ను కాదు. రోగికి ఇది వివరించడానికి రెండు నిమిషాలు పడుతుంది. 'గ్యాస్' అనడానికి ఒక క్షణం చాలు. బయట యాభై మంది వేచి ఉన్నప్పుడు మేము ఆ క్షణాన్నే ఎంచుకున్నాము. ఫలితంగా ఏళ్ళ తరబడి ఆ మాత్ర మానకుండా మింగుతూ బీ12 విటమిన్ తగ్గి, కాళ్ళు తిమ్మిర్లెక్కి వచ్చేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. అదైనా సరిదిద్దుకోగలిగిన నష్టం.

1983లో నేనొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను. ఒకనాటి సాయంత్రం ఆ ఊరి బడిపంతులు నడుచుకుంటూ వచ్చారు. యాభై ఏళ్ళలోపు మనిషి. "గ్యాస్ ట్రబులండీ, మధ్యాహ్నం పెళ్ళి భోజనం చేశాను" అని రొమ్ము కింద చేయి పెట్టి చూపించారు. రెండు త్రేన్పులు వచ్చాక కొంచెం నయమనిపించిందని కూడ చెప్పారు. చొక్కా వీపు మీద తడిసి ఉంది. ఏప్రిల్ నెల, నడిచి వచ్చారు కదా అనుకున్నాను. యాంటాసిడ్ ఇచ్చి పంపాను. అప్పటికి మా కేంద్రంలో ఈసీజీ యంత్రం లేదు. కాని జీపు ఉంది, జిల్లా ఆసుపత్రి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. తెల్లవారుజామున ఆయన కొడుకు తలుపు తట్టాడు. నేను వెళ్ళేసరికి చేయడానికి ఏమీ లేదు. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. "నాన్నకు గ్యాస్ మీరు చెప్పినట్టే తగ్గిందండీ, రాత్రి మజ్జిగ కూడ తాగాడు" అన్నాడు.

ఆయన ఆ మాటతో వచ్చారు, నేను ఆ మాటనే తిరిగి ఇచ్చి పంపాను. జబ్బు పేరు ఉండవలసిన చోట అది ముందే కూర్చుంది గనుక నేను వెతకలేదు.

గుండె అడుగుభాగం డయాఫ్రం అనే పలుచని కండర పొర మీద ఆనుకొని ఉంటుంది. ఆ పొర కిందనే జీర్ణాశయం. గుండె అడుగు గోడకు రక్తం అందనప్పుడు నొప్పి రొమ్ము కింద, కడుపు పైభాగంలో రావచ్చు. వికారం, త్రేన్పులు, వాంతి తోడవుతాయి. సోడా తాగినా, త్రేన్పు వచ్చినా ఉపశమనంగా తోచడం గుండెపోటు కాదనడానికి రుజువు కాదు. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో నొప్పి అసలు లేకుండా ఆయాసం, చెమట, అంతులేని నీరసం మాత్రమే ఉండవచ్చు. కాబట్టి నలభై దాటినవారికి పదిహేను నిమిషాలు దాటినా తగ్గని బరువు, మంట, పట్టేసినట్లు ఉండడం, దానితోబాటు చెమట, లేదా దవడకో చేతికో పాకే నొప్పి, నడిస్తే పెరిగి ఆగితే తగ్గే నొప్పి ఉంటే ఆ పూట 'గ్యాస్' అనే మాటను ఇంట్లో ఎవరి చేతా పలకనీయకండి. 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయించండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా లక్షణాలు కొనసాగుతుంటే మళ్ళీ తీయాలని, ట్రోపోనిన్ పరీక్ష చేయాలని అడగండి. అడిగితే విసుక్కునే వైద్యుడుంటే విసుక్కోనివ్వండి.

మాటలు పోవడం సాధ్యమా, జనం నోటిని ఎవరు ఆపగలరు అని మిత్రులు నన్ను ఎగతాళి చేస్తారు. ఒక మాట సంగతి చెబుతాను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బనగావ్ శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, సెలైన్ చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీటిని తాగించి, నూటికి 30 దాకా ఉన్న మరణాలను 4 లోపుకు తెచ్చారు. అదే ఓఆర్ఎస్. యాభై ఏళ్ళు తిరగకముందే ఆ మూడక్షరాలను తమ పేరులో చేర్చుకొని, ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు మందుల దుకాణాలలోకి వచ్చాయి. విరేచనాలయ్యే పసివాడికి అంత చక్కెర ఇస్తే అది పేగుల్లోకి ఇంకా నీటిని లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు. 2022లో ఆమెకు కొంత విజయం వచ్చినట్లే వచ్చి చేజారింది. చివరికి 2025 అక్టోబరులో, నిర్ణీత సూత్రం ప్రకారం లేని ఏ పానీయం పేరులోనూ ఓఆర్ఎస్ అనే మాట ఉండరాదని దేశ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది.

పాత సరుకు ఎక్కడైనా మిగిలి ఉండవచ్చు. పొట్లం కొనేటప్పుడు వెనుకవైపు చూడండి. లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9 అని ఉండాలి. పొడిగా ఉంటుంది, రుచి అంత బాగుండదు. పిల్లవాడు ముఖం చిట్లించినా చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి.