పరీక్షించు యంత్రమునకు పరీక్ష

చంద్రగిరి, రేణిగుంట, శ్రీసిటీ ప్రాంతముల పరిశ్రమలను గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల ఎన్ని కోట్ల మూలధనము వచ్చినది, ఎందరికి ఉద్యోగములు దొరకినవి అను లెక్కలే వినవచ్చుచున్నవి. అంతకు తక్కువ కాని మార్పొకటి ఆ కర్మాగారముల లోపల నిశ్శబ్దముగ జరుగుచున్నది. సరకు మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పు అధికారము మనుష్యుని కంటినుండి యంత్రపు కంటికి సంక్రమించుచున్నది. ఈ తీర్పు పనివానికే గాక రైతునకును, కొనువానికిని తగులునది గావున దీనిని యజమానుల సొంతవ్యవహారమని విడిచిపెట్టుటకు వీలులేదు.

యంత్రపరీక్ష మనకు అపరిచితము కాదు. 1947లో లండనులో స్థాపితమైన యొక సంస్థ పేరగు ‘సార్టెక్స్’ అను మాట నేడు తెలుగునాట బియ్యపు తరగతికే పేరైపోయినది. మిల్లులో బియ్యము సన్నని కాలువలగుండ జారిపడుచుండగ కెమెరాలు ప్రతి గింజను చూచును. రంగు మారిన గింజ కనబడిన తక్షణమే ఒక గాలిపోటు దానిని ప్రక్కకు త్రోసివేయును. చేటలు పట్టి కూర్చున్న స్త్రీలు దినమంతయు ఏరు బియ్యమును ఇది నిమిషములలో ముగించును.

పెద్ద కర్మాగారములలో దీని ప్రయోజనము మరింత స్పష్టము. 1985లో గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిన అమరరాజా సంస్థ కరకంబాడిలో బ్యాటరీలను చేయుచున్నది. శ్రీసిటీలో ఫాక్సుకాన్ సంస్థ 2015లో సెల్‌ఫోనుల తయారీ నారంభించినది. ఫోను లోపలి పలకపై ఆవగింజకంటె చిన్నవగు భాగములు వందలకొలది అతుకబడును. ఒక్క అతుకు చెడినను ఫోను మూలబడును. గంటలతరబడి భూతద్దము పట్టి కూర్చున్నవాని కన్ను అలయును. ఉదయము కాదన్నదానిని సాయంకాలమున ఔనని పంపును. యంత్రమునకు ఆ అలసట లేదు. కాబట్టి ఇట్టి పరిశ్రమలన్నియు కెమెరాల నాశ్రయించుట సహజమే. పైగా కర్మాగారములోపల యంత్రము పొరపడినచో నష్టము యజమానిదే. మంచి సరకును త్రోసివేసినచో పెట్టుబడి పోవును, చెడ్డ సరకును పంపినచో పేరు పోవును. అందుచేత ఆతడే దానిని నిత్యము సరిచూచుకొనును.

కాని యంత్రము తనంతట మంచిచెడ్డల నెరుగదు. ఎంత మచ్చ యున్నచో గింజ చెడ్డదో ఆ హద్దును మనుష్యుడే నిర్ణయించి దానికి చెప్పవలెను. హద్దును కొంచెము బిగించినచో చెడ్డదానితో మంచిదియు పోవును, సడలించినచో మంచిదానితో చెడ్డదియు వచ్చును. మరియొక చిక్కు గలదు. యంత్రము దేనిని చూడగలదో అదియే గుణమని లోకము నమ్ముట కలవాటుపడును. 2021లో మన ప్రభుత్వము బండ్లపై ఇంటింటికి పంపిన బియ్యమును సార్టెక్స్ బియ్యమనియే ప్రకటించినది. కెమెరా రంగును చూచినది, నిజమే. తవుడుతోబాటు పోయిన బి విటమినును ఆ కెమెరా చూడలేదు. తెల్లదనము వేరు, బలము వేరు.

సరకును పరీక్షించువాడే దానిని కొనువాడును అయినచో ఏమి జరుగునో చంద్రగిరి చరిత్రమే చెప్పుచున్నది. 1639లో ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే, చంద్రగిరి రాయలకు లోబడిన దామెర్ల నాయకునివద్ద చెన్నపట్టణపు స్థలమును సంపాదించినది ఈ తీరపు నూలుబట్టల వర్తకముకొరకే. కంపెనీవారు నేతగాండ్రకు ముందుగ బయానా లిప్పించి, నేసిన గుడ్డలను మచ్చుతో సరిచూచి తరగతులుగ విడదీయుచుండిరి. మచ్చునకు తక్కువయని తేల్చినదానికి ధర తగ్గించుటయో, త్రిప్పి పంపుటయో జరుగుచుండెను. మచ్చు కంపెనీది, చూచు కన్ను కంపెనీది, వ్రాయు పద్దు కంపెనీది. నేతగానికి మిగిలినది బయానా బాకీ.

నాటి మచ్చు స్థానమున నేడు యంత్రపు అంకె నిలుచుచున్నది. చిత్తూరు, తిరుపతి జిల్లాలలో అనేక కుటుంబములకు పాడియే నిత్యపు రాబడి. రైతు తెచ్చిన పాలను యంత్రములో పోసిన నిమిషములోనే వెన్న యింత, వెన్నగాక ఘనపదార్థ మింత యని అంకెలు వెలువడును. ఆ అంకెలే ధర. అయితే యంత్రమును శుభ్రముగ కడుగకున్నను, పాలలో గాలిబుడగలున్నను, ఆవుపాలకును గేదెపాలకును వేరువేరుగ సరిదిద్దకున్నను అంకె తప్పును. అట్లు తప్పిన దినమున నష్టము యంత్రము గలవానిది కాదు, చెంబు పట్టుకొని నిలుచున్నవానిది.

మామిడి సంగతియు నట్టిదే. 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలును, ప్రభుత్వము 4 రూపాయలును చేర్చి 12 రూపాయలు రైతునకు ముట్టవలెనని ప్రభుత్వము ప్రకటించినది. గుజ్జు తీయు ఫ్యాక్టరీకి కాయ పక్వమును, తీపియు ముఖ్యములు. తీపిని బ్రిక్సు అంకెతో కొలుతురు. ధరకు ప్రభుత్వము హద్దు వ్రాయగలదు. కాని సరకు పొర్లిపోవు సంవత్సరమున గేటువద్ద గుణపు హద్దును బిగించినచో ఆ ధర కాగితముపైననే నిలిచిపోవును. కాయ నిలువయుండునది కాదు. త్రిప్పి పంపిన లారీకి రెండవ న్యాయస్థానము లేదు.

దళారి కంటికంటె యంత్రము మేలు గదా, దానికి బంధువులు లేరు, కులము లేదు, లంచము తెలియదు అని కొందరనవచ్చును. అది సత్యమే. ఆ కారణముచేతనే మేము యంత్రమును వలదనుట లేదు. అయితే దళారితో రైతు వాదింపగలడు, నలుగురిని పిలువగలడు. అంకెతో వాదించువాడెవడు? యంత్రమునకు పక్షపాతము లేకపోవచ్చును గాని, దానికి హద్దు చెప్పినవానికి లాభనష్టము లున్నవి.

కాబట్టి చేయవలసినవి కొన్ని గలవు. తక్కెడకును, రాళ్లకును సర్కారు ముద్ర యెట్లు విధియో, రైతు సరకునకు ధర కట్టు ప్రతి పరీక్షాయంత్రమునకును అట్లే తనిఖీయు, ముద్రయు కచ్చితముగ జరుగవలెను. పరీక్షించిన పాలలో కొంత సీసాలో ఉంచి, రైతు కోరినచో గంధకామ్లముతో చేయు గెర్బరు పద్ధతిని మరల పరీక్షింపవలెను. సరకును కాదన్నప్పుడు ఏ హద్దునకు ఎంత తక్కువైనదో తెలుగులో చీటి వ్రాసి యీయవలెను. బల్లలయొద్ద నిలిచి కాయలేరు స్త్రీలను యంత్రము వచ్చినదని సాగనంపక, దానిని నడుపుటకు వారికే నేర్పవలెను. చెడ్డకాయ ఎట్లుండునో వారికంటె ఎరిగినవారెవరు?

తుదకొక మాట. 1954లో వెలసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 2015లో వచ్చిన ఐ.ఐ.టి.యు మన యెదుటనే యున్నవి. మన తోతాపురిని, మన పాలను, మన బియ్యమును ఎరిగిన యంత్రములను ఇక్కడి విద్యార్థులు ఇక్కడనే నిర్మించుట అసాధ్యము కాదు. పరులు చేసిన కంటితో, పరులు గీచిన హద్దుతో మన సరకును మనము చూచుకొన్నంతకాలము మచ్చు మన చేతికి రాదు. సరకునకు పరీక్ష ఉండవలసినదే. ఆ పరీక్షించు యంత్రమునకును పరీక్ష ఉండవలెను. అది సరకు తెచ్చినవాని కన్నులయెదుట జరుగవలెను.