భట్టిప్రోలు: దిబ్బకు దూరమైన శాసనాలు

బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపాన్ని తెలుగు ప్రాచీనతకు సాక్ష్యంగా చూపడం పరిపాటి అయింది. ధాతుకరండాల మీది శాసనాల భాష మాత్రం ప్రాకృతం. విశేషమంతా లిపిలో ఉంది: అశోకుని బ్రాహ్మిలో హల్లులోనే ఇమిడిపోయే అకారానికి ఇక్కడ ప్రత్యేక గుర్తు ఉంది, ఘ, మ, ల వంటి వర్ణాల రూపాలూ వేరు. 1892లో అలెగ్జాండర్ రియా తవ్వకాల్లో దొరికి, బ్యూలర్ పరిష్కరించి ప్రకటించిన ఈ శాసనాల్లో కుబీరక రాజుతో పాటు గోష్ఠి సభ్యుల పేర్ల పట్టీలున్నాయి. ఆ పేర్లలో దేశ్యాంశం ఎంత? తెలుగు శాఖలు అడగవలసిన ఈ ప్రశ్న ప్రాచీనతాగర్వం కింద అణగిపోయింది.

తవ్వకాలకు ముందే స్తూపపు ఇటుకలు రోడ్ల పాలయ్యాయి. అది వలస పాలన నాటి నిర్వాకం. నేటి నష్టం వేరు. 1958 నాటి చట్టం దిబ్బను కాపాడుతుంది; 2010 సవరణ దాని చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణాలను నిషేధిస్తుంది. కరండాలు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. దిబ్బకూ శాసనానికీ గల సంబంధం ఏ కంచెకూ అందదు. దాన్ని నిలపవలసిన సాహిత్య చరిత్రకారులు శాసనపాఠాన్ని స్థలం నుంచి, స్థలాన్ని పాఠ్యప్రణాళిక నుంచి విడదీసి, భట్టిప్రోలును ప్రాచీన హోదా వాదాల్లో ఒక పేరుగా మిగిల్చారు.