చూడకుండానే క్లచ్ పోయిందట!

సెకండ్ హ్యాండ్ కారు కొన్న వారానికే, బహదూర్‌పల్లిలో టెక్ మహీంద్రా క్యాంపస్ దాటగానే బండి లాగడం మానేసింది. పైగా మాడు వాసన. మెకానిక్ బండి కదిపి కూడా చూడకుండా "క్లచ్ ప్లేట్ పోయింది సార్" అనేశాడు. లాగ్ చూడకుండా బగ్ ఎక్కడుందో చెప్పేస్తే ఆఫీసులో ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం తలూపి డబ్బులిచ్చేస్తాం!

క్లచ్ జారుతుంటే, పై గేరులో యాక్సిలరేటర్ తొక్కగానే ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది, వేగం మాత్రం పెరగదు. నా బండిలో రెండూ కలిసే నత్తనడక. కాస్త నడిపి దిగి చూద్దును కదా, వెనక ఎడమ చక్రం ఒక్కటే సెగలు కక్కుతోంది. హ్యాండ్‌బ్రేకు కేబుల్ పట్టేసి వదలట్లేదన్నమాట. క్లచ్ మార్చినా అది అలాగే ఉండేది. అంత వేడెక్కిన బ్రేకు అవసరానికి సరిగా పట్టదు. పిల్లల్ని ఎక్కించుకు తిరిగే బండండీ ఇది!

ఈ ముక్క చెప్తే ఆయన చక్రం వంకైనా చూడలేదు. "మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇవన్నీ తెలీవు సార్" అన్నాడు.